సాయం వెళ్లిపోయాక ఏం మిగిలింది?

పురపాలక సంఘానికి విదేశీ సాయం మూడు రూపాల్లో వస్తుంది. ఒకటి డబ్బు. దానితో పైపులు, కాలువలు, సిమెంటు రోడ్లు, ట్యాంకులు పడతాయి. రెండోది మనుషులు. కన్సల్టెంట్లు వచ్చి లెక్కలు రాసే పద్ధతి మారుస్తారు, వార్డుల మ్యాపులు గీస్తారు, సిబ్బందికి శిక్షణ ఇస్తారు. మూడోది షరతులు. ఫలానా సంస్కరణ జరిగితేనే తర్వాతి విడత విడుదలవుతుందని ఒప్పందంలో రాసుకుంటారు. ఈ మూడింటిలో జనం కంటికి ఆనేది మొదటిదే, శిలాఫలకం పడేదీ దానికే. మదింపు నివేదికలు కూడా చాలావరకు అక్కడే ఆగిపోతాయి: ఇన్ని కిలోమీటర్ల కాలువ, ఇన్ని లక్షల లీటర్ల ట్యాంకు, ఇంతమందికి శిక్షణ. కాలువ కట్టడం డబ్బిస్తే ఏ కాంట్రాక్టరైనా చేసే పని. దాన్ని పదేళ్లపాటు పూడిపోకుండా పారించడం మునిసిపాలిటీ మాత్రమే చేయగల పని. విదేశీ సాయాన్ని తూచేటప్పుడు తక్కెడలో పెట్టాల్సింది ఈ రెండోదాన్నే.

మదింపు అంటే విదేశాల నుంచి దిగిన నిపుణులే చేయాలన్న అభిప్రాయం బలంగా ఉంది. అది నిజం కాదు. వార్డు కౌన్సిలరు, బస్తీ సంఘం కార్యకర్త, మునిసిపల్ ఉద్యోగి, పరిశోధన విద్యార్థి, ఎవరైనా చేయవచ్చు. కావలసింది ఒక నోటుబుక్కు, ఒకటి రెండు సమాచార హక్కు దరఖాస్తులు, బస్తీల్లో గడిపే కొన్ని ఉదయాలు.

అప్పా, గ్రాంటా?

మొదట తేల్చుకోవాల్సింది వచ్చిన సొమ్ము తిరిగి కట్టాల్సిందా, కాదా అన్నది. తెలుగువారి పట్టణాలకు రెండు రకాలూ వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మంజూరై 2008 దాకా సాగిన ‘ఆంధ్రప్రదేశ్ అర్బన్ సర్వీసెస్ ఫర్ ది పూర్’, అందరూ ఏపీయూఎస్‌పీ అని పిలిచిన పథకం, బ్రిటన్ ఇచ్చిన గ్రాంటు. విలువ 9 కోట్ల పౌండ్లకు పైనే. లక్ష జనాభా దాటిన పట్టణాల్లో మొదట 32, తర్వాత 42 దాని కిందికి వచ్చాయి. ఆ తర్వాత వచ్చిన మునిసిపల్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు ప్రపంచ బ్యాంకు అప్పు. 2018లో పట్టణాల తాగునీటి కోసం ఏషియన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు మంజూరు చేసిన 40 కోట్ల డాలర్లు కూడా అప్పే.

అప్పు అయితే మరో విషయం చూడాలి. పన్నెండో ఆర్థిక సంఘం సిఫార్సు మేరకు 2005 నుంచి కేంద్రం విదేశీ అప్పులను తనకు వచ్చిన షరతుల మీదే రాష్ట్రాలకు బదిలీ చేస్తోంది. రూపాయి బలహీనపడితే ఆ నష్టం రాష్ట్రానిదే. కాబట్టి వడ్డీ తక్కువగా ఉందన్న ఒక్క మాటతో అప్పు చవకదని రాసేయకూడదు.

గ్రాంటు విషయంలో పొరపాటు ఇంకోలా జరుగుతుంది. ఉచితంగా వచ్చింది కదా అని నిర్వహణ ఖర్చు లెక్కే వేయరు. ఎత్తు మీద ఉన్న కాలనీకి నీళ్లెక్కించే మోటారు ఉచితంగా రావచ్చు, దాని కరెంటు బిల్లు మాత్రం ప్రతి నెలా మునిసిపాలిటీయే కట్టాలి. పథకం పూర్తయ్యేనాటికి కొత్త ఆస్తుల నిర్వహణకు ఏటా ఎంత కావాలి, ఆ పట్టణం సొంత ఆదాయం ఎంత అన్న రెండు అంకెలు పక్కపక్కన రాస్తే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. మొదటిది రెండోదాన్ని మింగేసేలా ఉంటే ఆ గ్రాంటు పట్టణం నెత్తిన పెట్టిన బరువు.

ఏ మాట ఇచ్చారు?

ప్రతి పథకానికీ ఒక ప్రాజెక్టు పత్రం ఉంటుంది. ఏ సమస్యకు ఏ పని, ఆ పని వల్ల ఏ మార్పు అన్న తర్కం అందులో ఉంటుంది. మదింపు చేసేవారు ముందు చదవాల్సింది దాన్నే, తర్వాత వచ్చిన సవరణలతో సహా. లక్ష్యాన్ని మధ్యలో దించేసుకుని చివర్లో నూరు శాతం సాధించామని రాసుకోవడం అరుదైన సంగతి కాదు.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ కిందున్న దాతల కమిటీ 1991లో ఐదు కొలబద్దలు పెట్టింది: అవసరానికి తగినదా, అనుకున్నది సాధించిందా, ఖర్చు పొదుపుగా జరిగిందా, విస్తృత ప్రభావం ఉందా, నిలుస్తుందా. 2019లో ఆరోది చేర్చింది: మిగతా పథకాలతో పొసగుతుందా. దాతల నివేదికలన్నీ దాదాపు ఈ చట్రంలోనే ఉంటాయి. చట్రం మంచిదే కానీ ఆరింటికీ సమానంగా పేజీలు కేటాయించడం వల్ల అసలు ప్రశ్న పలచబడిపోతుంది. పురపాలక సేవల్లో ‘నిలుస్తుందా’ అన్నదానికి ఉన్న బరువు మిగతా వాటికి లేదు.

ఇచ్చిన మాటను పరీక్షించడానికి ఏపీయూఎస్‌పీ ఒక చక్కని ఉదాహరణ. ఆ పథకానికి మూడు కాళ్లు: పురపాలక సంస్కరణలు, బస్తీల్లో మౌలిక వసతులు, పౌర సమాజంతో కలిసి పనిచేయడం. పట్టణం ముందుగా పేదరిక నిర్మూలన కార్యాచరణ ప్రణాళిక తయారుచేసుకోవాలి. బస్తీలను ఎంచడానికి మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసల పట్టిక వాడారు. ఒక పక్క పేదరికం ఎంత, ఇంకో పక్క వసతుల కొరత ఎంత. ప్రతి బస్తీ ఆ తొమ్మిది గళ్లలో ఒకదాంట్లో పడుతుంది. పేదరికమూ, కొరతా రెండూ ఎక్కువగా ఉన్న గడిలోని బస్తీలకే మొదటి వంతు.

ఆ పద్ధతిలో ఒక గొప్పతనం ఉంది. పలుకుబడి ఉన్న వార్డుకు ముందు, నోరులేని వార్డుకు వెనక అన్న పాత అలవాటును ఒక కాగితం ముక్క అడ్డుకుంటుంది. అదే కాగితం మదింపుకూ ఆయుధమవుతుంది. ఆ పట్టికను, పనుల జాబితాను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి గడిలో ఉండి కూడా పని రాని బస్తీ ఏది, చివరి గడిలో ఉండి ముందే రోడ్డు వేయించుకున్నది ఏది అని వెతకాలి. అలాంటివి నాలుగు దొరికితే వాటి వెనక కారణం అడగాలి. స్థల వివాదం కావచ్చు, రైల్వే భూమి కావచ్చు, కోర్టు స్టే కావచ్చు. ఏ కారణమూ లేకపోతే అదీ ఒక జవాబే.

రోడ్డును తవ్వి చూసినవారు

డబ్బు వెంట నడవడం మదింపులో తప్పని పని. ఎస్టిమేటు, టెండరు, మెజర్‌మెంట్ బుక్కు, చెల్లింపు బిల్లు, వినియోగ ధ్రువపత్రం, ఈ ఐదూ వరసగా చూడాలి. అయితే కాగితాలన్నీ సరిగ్గా ఉండి కూడా రోడ్డు పలచగా ఉండవచ్చు. ఎం-బుక్కులో ఆరంగుళాలని రాసినంత మాత్రాన నేల మీద ఆరంగుళాలు ఉండవు.

ఇండొనేషియాలో బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త ఈ సంగతిని తేల్చడానికి ఇంజనీర్లను తీసుకెళ్లి రోడ్లను తవ్వించాడు. ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన కెచమతన్ అభివృద్ధి పథకం కింద 600కు పైగా జావా గ్రామాలు రోడ్లు వేసుకుంటున్నాయి. ప్రతి రోడ్డు నుంచి నమూనాలు తీసి, అందులో ఉన్న రాయి, ఇసుక ఎంతో కొలిచి, స్థానిక ధరలు కట్టి, ఖర్చు రాసిన దానితో పోల్చారు. కొన్ని గ్రామాలకు ప్రభుత్వ ఆడిట్ తప్పకుండా వస్తుందని ముందే చెప్పారు. మామూలుగా అయితే నూటికి నాలుగు ఊళ్లకే ఆడిట్ వచ్చే అవకాశం ఉండేది. తప్పక వస్తుందన్న ఊళ్లలో మాయమైన సొమ్ము దాదాపు 8 శాతం పాయింట్లు తగ్గింది. జనాన్ని సమావేశాలకు ఎక్కువగా పిలిచిన ఊళ్లలో మొత్తం మీద అంత తేడా కనిపించలేదు. 2007లో అచ్చయిన ఈ పరిశోధన ప్రజాభాగస్వామ్యం మీద నమ్మకం పెట్టుకున్న చాలామందిని కలవరపెట్టింది. కలవరపడాల్సిందే. సమావేశంలో కూర్చున్న మనిషికి రోడ్డు కింద ఎంత రాయి ఉందో కనిపించదు, ఆ పనికి కొలత తెలిసిన ఇంజనీరు కావాలి.

మాయమైన డబ్బు ఒక్కటే కాదు, జరిగిపోయిన డబ్బునూ చూడాలి. బయటి నుంచి కాలువలకు నిధులు రాగానే మునిసిపాలిటీ తన బడ్జెట్‌లో కాలువల పద్దు తగ్గించి ఆ సొమ్ము వేరేచోట ఖర్చు చేయవచ్చు. అప్పుడు విదేశీ సాయం పేరుకు కాలువలకు వచ్చినా నిజంగా పెరిగింది వేరే పద్దు. అందుకే పథకానికి ముందు మూడేళ్లు, తర్వాత మూడేళ్లు సొంత నిధులతో ఏయే పద్దుల కింద ఎంత ఖర్చయిందో బడ్జెట్ పుస్తకాల నుంచి రాసుకోవాలి. విసుగు పుట్టించే పనే, కానీ ఇంకెక్కడా దొరకని జవాబు అక్కడ దొరుకుతుంది.

చివరి కొళాయి దగ్గర

ట్యాంకు దగ్గర నీళ్లుంటాయి. మదింపుకు వచ్చిన బృందాలను తీసుకెళ్లేదీ అక్కడికే. చూడాల్సింది లైను చివర, ఊరివాళ్లు టెయిల్ ఎండ్ అనే చోట, ఆఖరి కొళాయి దగ్గర. తెలంగాణ బస్తీలో అయితే ఆఖరి నల్లా దగ్గర.

నీళ్లు వదిలే సమయానికి ముందే అక్కడికి చేరుకోవాలి. బిందెలు వరస పెట్టి ఉంటాయి. మొదటి బిందె కింద పెట్టినప్పుడు గడియారం చూడాలి, నిండినప్పుడు మళ్లీ చూడాలి. బిందె ఎన్ని లీటర్లదో ముందే ఒక కొలత సీసాతో పోసి తెలుసుకోవాలి. పదో బిందెకు అదే పని చేయాలి. ధార సన్నబడిందా, మోటారు పెట్టి లాగుతున్న ఇల్లు పైన ఏదైనా ఉందా, మొదటి రెండు బిందెలు రంగుమారి వచ్చాయా, ఆ నీళ్లను ఆడవాళ్లు దేనికి వాడుతున్నారు అన్నవి రాసుకోవాలి. నీళ్లు ఆగిన నిమిషం రాసుకోవాలి. తర్వాత వాల్వు తిప్పే మనిషి దగ్గరికి వెళ్లి ఆయన లెక్క అడగాలి. ఆయన పుస్తకంలో గంట ఉండి, కొళాయి దగ్గర ఇరవై నిమిషాలే ఉంటే మిగతా నలభై నిమిషాలు ఎక్కడ పోయాయో తెలుసుకోవడమే అసలు పరిశోధన. చాలాసార్లు ఆ వాల్వు మనిషికి జవాబు తెలుసు, అడిగినవాళ్లే లేరు.

కాలువకు ఇంకా తేలిక. సన్నని ఇనుప కడ్డీ తీసుకుని, కట్టిన లోతు ఎంత, పూడిక మీద నుంచి తేలిన లోతు ఎంత అని ప్రతి యాభై అడుగులకూ కొలిస్తే చాలు. చేయాల్సిన రోజు మాత్రం ముఖ్యం. ఎండాకాలంలో ప్రతి కాలువా బాగున్నట్టే ఉంటుంది. తొలకరి వాన పడిన మర్నాడు వెళ్లాలి.

ఈ చివరి ఇంటి పరీక్షను పక్కనపెడితే ఎంత పెద్దవాళ్లయినా పొరబడతారని ఇండోర్ అనుభవం చెబుతుంది. బ్రిటన్ నిధులతో 1980ల చివర మొదలైన అక్కడి బస్తీల పథకంలో ఇంజనీరు హిమాంశు పారిఖ్ ఒక అందమైన ఆలోచన చేశారు. బస్తీలు సాధారణంగా వాగుల వెంటే ఉంటాయి, నీరు సహజంగా పల్లానికి పారే దారి అదే, కాబట్టి ఊరి మొత్తం మురుగు వ్యవస్థను బస్తీల గుండానే అల్లుకోవచ్చు, ఇంటింటికీ కలపవచ్చు. ఆ పథకానికి 1993లో వరల్డ్ హాబిటాట్ అవార్డు, 1998లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చాయి. 2002లో ప్రణాళికా నిపుణురాలు గీతా దేవన్ వర్మ తన ‘స్లమ్మింగ్ ఇండియా’ పుస్తకంలో, అవార్డులందుకున్న ఆ వ్యవస్థ నేల మీద అలా పనిచేయడం లేదని గట్టిగా ఎత్తిచూపారు. ఇళ్లను మురుగు లైనుకు కలుపుకోవడం, ఆ లైనును శుభ్రంగా ఉంచడం అనే రెండు పనులు సరిగ్గా జరగకపోతే, పారే దారి లేని మురుగు బస్తీలోకే ఎదురు తన్నుతుంది. డిజైను ఎంత తెలివైనదైతే దాన్ని నడిపే రోజువారీ చాకిరీ అంత జాగ్రత్తగా జరగాలి. పురస్కారాల కమిటీలు డిజైను చూస్తాయి, చాకిరీని చూడటం మదింపు చేసేవారి పని.

పుస్తకాలు ఎవరు రాస్తున్నారు?

సేవల తర్వాత సంస్థ. ఇది కొలవడం కష్టం, తేలిగ్గా మోసపోయేదీ ఇక్కడే. లాంట్ ప్రిచెట్, మైఖేల్ వూల్‌కాక్, మాట్ ఆండ్రూస్ అనే పరిశోధకులు దీన్ని జీవజాతుల అనుకరణతో పోల్చారు. విషం లేని పాము విషసర్పం చారలు వేసుకున్నట్టు, కొన్ని ప్రభుత్వ సంస్థలు పనిచేసే సంస్థల రూపాన్ని తగిలించుకుంటాయి. చట్టం వస్తుంది, మాన్యువల్ వస్తుంది, కంప్యూటర్ వస్తుంది, పని మాత్రం పాత దారిలోనే నడుస్తుంది. దాతకు కావలసిన టిక్కు మార్కు పడిపోతుంది.

ఏపీయూఎస్‌పీ కాలంలో పురపాలక లెక్కలను డబుల్ ఎంట్రీ పద్ధతిలోకి మార్చే పని పెద్దయెత్తున జరిగింది. అలాంటి సంస్కరణను తూచాలంటే మాన్యువల్ అచ్చయిందా అని అడగడం వృథా. అడగాల్సినవి వేరు. నిరుటి లెక్కలు ఏ నెలలో మూసారు? వాటిని రాసింది పురపాలక ఉద్యోగా, బయటి చార్టర్డ్ అకౌంటెంటా? కౌన్సిల్ సమావేశంలో ఆ పట్టికలు చూసి ఎవరైనా ఒక్క నిర్ణయమైనా మార్చుకున్నారా? సాఫ్ట్‌వేర్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంది? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. కన్సల్టెంటు వెళ్లిపోయాక లాగిన్ కూడా ఆయనతోనే వెళ్లిపోయిన ఆఫీసులో సంస్కరణ గురించి రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఆస్తిపన్ను విభాగంలో డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్ రిజిస్టరు ఉంటుంది, అక్కడ దాన్ని డీసీబీ అంటారు. పట్టణం ఆరోగ్యం ఆ ఒక్క రిజిస్టరులో కనిపిస్తుంది. వసూలు శాతం పెరిగిందని మురిసిపోయే ముందు డిమాండ్ అంకె చూడాలి. కొత్త ఇళ్లను పన్ను పరిధిలోకి తీసుకురాకుండా డిమాండ్‌ను తక్కువగా ఉంచితే వసూలు శాతం దానంతటదే పెరుగుతుంది. బకాయిల్లో ప్రభుత్వ కార్యాలయాల వాటా ఎంత, పేదల ఇళ్ల వాటా ఎంత అన్నదీ విడదీయాలి.

శిక్షణల సంగతి ఒక్క మాటలో తేలుతుంది. హాజరు పట్టీలో ఉన్న ఇరవై పేర్లు తీసుకుని, వాళ్లిప్పుడు ఎక్కడ ఏ సీటులో ఉన్నారో కనుక్కోవాలి. బదిలీల ప్రవాహంలో శిక్షణ కొట్టుకుపోవడం తెలుగు పట్టణాలన్నింటికీ తెలిసిన కథే.

స్థానిక పాలనకు సాయం అన్నప్పుడు ఇంకొక పెద్ద ప్రశ్న వేయాలి: అసలు అక్కడ ఎన్నికైన పాలన ఉందా? 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది, పన్నెండో షెడ్యూలులో 18 విధులు పురపాలక సంస్థలవని రాసింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో కౌన్సిళ్ల గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగింది 2014 వసంతంలో. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. అలాంటి ఏళ్లలో ‘పాలన మెరుగుపడింది’ అని రాసే నివేదిక దేని గురించి రాస్తోందో ముందుగా చెప్పాలి. ఫైళ్లు త్వరగా కదిలి ఉండవచ్చు. ఓటరు నిలదీయడానికి కౌన్సిలరే లేనప్పుడు అది పరిపాలన అవుతుంది కానీ స్థానిక స్వపరిపాలన కాదు.

టార్పాలిన్ పరీక్ష

కమిటీలు, సంఘాలు, మహిళల భాగస్వామ్యం లేకుండా ఈరోజు ఏ విదేశీ పథకమూ ఉండదు. పథకం నడిచినన్నాళ్లూ సమావేశాలు జరుగుతాయి, ఎందుకంటే జరగకపోతే డబ్బు రాదు. ఆ అలవాటు డబ్బు ఆగాక మిగులుతుందా అన్నదే ప్రశ్న.

సియెరా లియోన్‌లో ప్రపంచ బ్యాంకు మద్దతుతో ‘గో బిఫో’ అనే పథకం నడిచింది. అక్కడి క్రియో భాషలో ఆ మాటకు ముందుకు సాగడం అని అర్థం. 236 గ్రామాల్లో సగానికి పథకం ఇచ్చి, సగాన్ని పోలిక కోసం ఉంచారు. స్త్రీలు, యువకులు నిర్ణయాల్లో పాలుపంచుకోవాలన్నది దాని గట్టి షరతు. 2009లో పరిశోధకులు పథకంతో సంబంధం లేకుండా ప్రతి గ్రామానికీ ఒక టార్పాలిన్ ఇచ్చి, ఊరి అవసరానికి వాడుకోమని చెప్పి వెళ్లిపోయారు. కొన్ని నెలల తర్వాత తిరిగివచ్చి ఆ టార్పాలిన్‌ను దేనికి వాడారు, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఆడవాళ్లను అడిగారా అని చూశారు. పథకం ఉన్న ఊళ్లకూ, లేని ఊళ్లకూ తేడా కనిపించలేదు. పథకం ఊళ్లలో వసతులు మాత్రం మెరుగుపడ్డాయి. మార్పు భవనాల్లో వచ్చింది, నిర్ణయించే చేతుల్లో రాలేదు.

అఫ్గానిస్తాన్‌లో నేషనల్ సాలిడారిటీ ప్రోగ్రాం కింద 500 గ్రామాల్లో జరిగిన అధ్యయనం కూడా ఇలాంటి చోటికే వచ్చింది. పథకం నడిచినప్పుడు తాగునీరు, కరెంటు మెరుగుపడ్డాయి, మహిళల పట్ల వైఖరిలో కొంత మార్పు కనిపించింది. పనులు అయిపోయాక గ్రామ పాలన పాత పెద్దల వైపే ఒరిగింది.

ఇవి విని భాగస్వామ్యం అంతా బూటకమని తేల్చేయకూడదు. హైదరాబాద్ దీనికి ఎదురు సాక్ష్యం. అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ 1967లోనే అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగాన్ని పెట్టుకుంది. బస్తీల్లో తిరిగే కార్యకర్తలు, బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు, బస్తీ సంఘాలతో ఆ విభాగం పాదుకున్న తర్వాతే యూనిసెఫ్ సాయం, 1980లలో బ్రిటన్ డబ్బు వచ్చాయి. విదేశీ సొమ్ము వచ్చింది, అయిపోయింది, ఆ విభాగం మాత్రం జీహెచ్ఎంసీలో మిగిలింది. మొలిచిన మొక్కకు నీళ్లు పోయడం వేరు, తెచ్చి నాటిన మొక్కకు పోయడం వేరు. కాబట్టి ఏ కమిటీని చూసినా అడగాల్సింది దాని పుట్టిన తేదీ. పథకం కంటే ముందు పుట్టిందా, పథకంతో పుట్టిందా? పథకంతోనే పుట్టినదైతే, దానికి ప్రభుత్వ వ్యవస్థలో చోటు దొరికిందా? ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద పట్టణ మహిళా సంఘాలకు అలాంటి చోటు దొరికింది.

అది లేకపోతే ఏమయ్యేది?

పట్టణాలు వాటంతటవే మారుతుంటాయి. ఆదాయాలు పెరుగుతాయి, రాష్ట్ర పథకాలు వస్తాయి, జనం సొంతంగా బోర్లు వేసుకుంటారు. పథకానికి ముందు, తర్వాత అన్న రెండు ఫొటోల మధ్య తేడా అంతా సాయం ఖాతాలో వేయడం అన్యాయం. పోలిక కావాలి. పోలిక పట్టణాన్ని ఎంచేటప్పుడు నిజాయితీ అవసరం. లక్ష దాటిన పట్టణాలను ఇరవై వేల జనాభా ఉన్న నగర పంచాయతీలతో పోల్చడం కుదరదు. 32 పట్టణాలతో మొదలై 42కు పెరిగినట్టుగా పథకాలు విడతలవారీగా విస్తరించినప్పుడు, ముందు చేరినవాటినీ ఆలస్యంగా చేరినవాటినీ ఆ మధ్యకాలంలో పోల్చడం కాస్త మెరుగైన దారి. అదీ కుదరకపోతే ఒకే పట్టణంలో పని జరిగిన బస్తీ, జరగని బస్తీ.

తొందరలో పోసిన డబ్బు

దాత చేతిలో లేని పరిస్థితుల్లో నడిచిన పథకాలను వేరే తూకంతో చూడాలి. అఫ్గాన్ నగరాల పాలనకు అమెరికా వరుసగా పథకాలు నడిపింది. 2014లో మొదలైన ‘షహర్’ వాటిలో ఒకటి, పురపాలక సంఘాలు తమ ఆదాయం తాము సంపాదించుకుని సేవలందించేలా చేయాలన్నది దాని ధ్యేయం. 2021 ఆగస్టులో ప్రభుత్వమే కూలిపోయింది. ఆ కూలిపోవడానికి పురపాలక శిక్షణను తప్పుపట్టలేం. కానీ అదే నెలలో అమెరికా ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, సిగార్, ఇరవై ఏళ్ల పాఠాలను ఒక నివేదికగా వెలువరించింది. సుమారు 14,500 కోట్ల డాలర్ల పునర్నిర్మాణ ఖర్చు మీద అది చేసిన ప్రధాన ఆరోపణల్లో ఒకటి పురపాలికలకు నేరుగా తగులుతుంది: డబ్బు త్వరగా ఖర్చు చేయడమే విజయానికి కొలతైపోయింది, ఆ ఖర్చుతో కట్టినవాటిని నిలబెట్టుకునే శక్తి అక్కడ ఉందా అని చూడలేదు. యుద్ధం దాత చేతిలో లేదు, తొందర మాత్రం దాత చేతిలోనే ఉంది. మదింపులో ఈ రెండింటినీ విడదీయాలి.

తొందరకు గుర్తులు ప్రశాంతమైన పట్టణాల్లోనూ కనిపిస్తాయి. ఆర్థిక సంవత్సరం చివరి నెలలో ఎన్ని బిల్లులు పాసయ్యాయో లెక్కవేస్తే చాలు.

దాత తప్పుకున్నప్పుడు

దాత ఎప్పుడో ఒకనాడు వెళ్లిపోతాడు, ఒక్కోసారి చెప్పిన గడువు కంటే ముందే. భారత్‌కు బ్రిటన్ సంప్రదాయ గ్రాంటు సాయం 2015తో ఆగింది. ఏపీయూఎస్‌పీని నడిపిన బ్రిటిష్ అభివృద్ధి శాఖ డీఎఫ్‌ఐడీ 2020లో విదేశాంగ శాఖలో కలిసిపోయింది. అమెరికా సాయ సంస్థ యూఎస్ఎయిడ్ పనులు 2025 జనవరిలో స్తంభించి, జూలై 1 నుంచి సంస్థే విదేశాంగ శాఖలో కలిసింది. అందువల్ల ఏ పథకాన్ని చూసినా నిష్క్రమణ ప్రణాళికను మొదటి ఏడాదిలోనే అడగాలి. జీతాలు దాత ఖాతాలోంచి వస్తున్న పోస్టులు ఎన్ని, వాటిలో ఎన్ని మునిసిపల్ పోస్టులుగా మంజూరయ్యాయి? విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? విదేశీ పంపుకు పార్టు కావాలంటే జిల్లా కేంద్రంలో దొరుకుతుందా, మరో దేశానికి ఆర్డరు పెట్టాలా?

నివేదిక ఎవరి చేతికి వెళ్తుందన్నదీ మదింపులో భాగమే. తెలుగు పట్టణాల మీద రాసిన నివేదికల్లో అత్యధికం ఇంగ్లిషులోనే ఉండిపోయాయి. వార్డు సభ్యురాలు, ఫిట్టరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆ కొళాయి దగ్గర బిందె పెట్టిన మనిషి చదవలేని నివేదిక సగం పనే చేసినట్టు. పది పేజీల తెలుగు ప్రతి తయారుచేసి, వార్డు పేర్లతో, బస్తీ పేర్లతో, ఎవరు ఏ గడువులోగా ఏం సరిచేయాలో రాసి, కౌన్సిల్ అజెండాలో ఒక అంశంగా పెట్టించాలి. కౌన్సిల్ తీర్మానం నంబరు పడితే ఆ నివేదిక ప్రభుత్వ రికార్డులోకి చేరుతుంది, తర్వాత వచ్చే కమిషనరు అది తన కాలం నాటిది కాదనలేడు.

తుది పరిశీలన పథకం ముగిసిన రోజున కాదు, మూడో వానాకాలంలో చేయాలి. అప్పటికి కాంట్రాక్టరు పూచీ ఉండే డిఫెక్ట్ లయబిలిటీ గడువు సాధారణంగా తీరిపోయి ఉంటుంది, మరమ్మతు భారం పూర్తిగా పట్టణం మీద ఉంటుంది. పాత నోటుబుక్కు తీసుకుని అదే ఆఖరి కొళాయి దగ్గరికి, అదే కాలువ గట్టుకు వెళ్లాలి. అదే బిందె, అదే గడియారం, అదే ఇనుప కడ్డీ. ఈసారి అదనంగా మూడు రాసుకోవాలి: గత ఏడాది ఇక్కడ ఏది పాడైంది, ఎన్ని రోజులకు బాగైంది, ఆ డబ్బు ఏ పద్దు నుంచి వచ్చింది.